టార్గెట్ రాసుకోవడం: మొక్కా, పద్దా?

మా బాబాయి తెనాలిలో ముప్పై ఏళ్లకు పైగా జీవిత బీమా ఏజెంటుగా బతికాడు. డిసెంబరు వచ్చిందంటే ఇంటికి నాలుగైదు డైరీలు చేరేవి. మిగతావి పిల్లలకు పంచేసి, ఒకటి తనకు ఉంచుకునేవాడు. జనవరి ఒకటో తారీఖు పొద్దున్నే స్నానం చేసి, ఆ డైరీ మొదటి పేజీకి నాలుగు మూలలా పసుపు రాసి, పైన ‘శ్రీరామ’ అని పెట్టి, దాని కింద ఒకే ఒక్క అంకె వేసేవాడు. ఆ ఏడాది కట్టించాల్సిన పాలసీల సంఖ్య అది. చిన్నప్పుడు నాకు తెలిసింది ఆ పేజీ ఒక్కటే. ఆయన పోయాక పిన్ని ఆ డైరీలన్నీ ట్రంకుపెట్టెతో సహా నాకిచ్చింది. మిగతా పేజీలు అప్పుడు చూశాను. ప్రతి పేజీలో స్కేలు పెట్టి గీసిన నాలుగు గళ్లు: పేరు, ఊరు, వెళ్లిన రోజు, ఏమన్నాడు. నాలుగో గడిలో రాతలు ఇలా ఉన్నాయి: "మిర్చి అమ్మాక రమ్మన్నాడు." "బావమరిదిని అడగాలట." "అమ్మాయి పెళ్లి వైశాఖంలో, ఆ తర్వాతే." "పాత పాలసీ ల్యాప్సయింది, ముందు దాని సంగతి చూడాలి." ఆదివారం వచ్చేసరికి పేజీకి అడ్డంగా ఒక గీత. గీత కింద మూడు అంకెలు: ఎంతమందిని కలిశాడు, ఎంతమందితో కూర్చుని మాట్లాడాడు, ఎన్ని కట్టించాడు.

అమ్మకాల్లో నెగ్గాలంటే లక్ష్యం కాగితం మీద పెట్టాలన్న మాట ఇవాళ సేల్స్ ట్రైనింగ్ జరిగే ప్రతి హాల్లోనూ వినిపిస్తుంది. బీమా, మందులు, విత్తనాలు, ట్రాక్టర్లు, ఫ్లాట్లు, సాఫ్ట్‌వేర్, సరుకు ఏదైనా మొదటి గంటలోనే తెల్ల కాగితం చేతికిచ్చి రాయమంటారు. నేనూ నాలుగేళ్లు రాజమండ్రిలో మెడికల్ రెప్‌గా తిరిగాను, అలాంటి కాగితాలు చాలా నింపాను. ఆ తర్వాత చాలాకాలం ఈ విషయం మీద జరిగిన పరిశోధనలు ఓపిగ్గా చదువుతూ వచ్చాను. చదివినకొద్దీ నాకు ఒకటి గట్టిగా అనిపించింది. పైకి ఒకేలా కనిపించే ఈ కాగితాల్లో రెండు జాతులున్నాయి. ఒకటి మొక్కు: కావలసింది రాసి, మడిచి దాచి, జరగాలని కోరుకోవడం. రెండోది పద్దు: చేయాల్సింది రాసి, చేసింది దాని పక్కనే రాసి, తేడా చూసుకోవడం. రాత లక్ష్యాల వల్ల లాభం ఉందని తేల్చిన పరిశోధనల్లో ఎక్కువ భాగం, జాగ్రత్తగా చూస్తే, రెండో దాని గురించే మాట్లాడుతున్నాయి.

ముందుగా ఒక కథను పక్కన పెట్టాలి. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో 1953లో చదువు ముగించిన విద్యార్థుల్లో 3 శాతం మందే తమ లక్ష్యాలను రాసుకున్నారనీ, ఇరవై ఏళ్ల తర్వాత చూస్తే ఆ 3 శాతం సంపాదన మిగతా 97 శాతం సంపాదన మొత్తాన్ని మించిపోయిందనీ చెబుతారు. కొన్నిచోట్ల ఇదే కథ హార్వర్డ్ పేరుతో, 1979 సంవత్సరంతో నడుస్తుంది. మన ట్రైనర్లు కూడా తెలుగులో ఎన్నో ఏళ్లుగా చెబుతున్నారు. ఆ పరిశోధన జరగనే లేదు. 1996లో ‘ఫాస్ట్ కంపెనీ’ పత్రిక దీని పుట్టుక కోసం వెతికితే, ఒక ప్రసంగీకుడు ఇంకొకరి పేరు చెప్పడమే తప్ప మూలం ఎక్కడా దొరకలేదు. యేల్ విశ్వవిద్యాలయం కూడా తమ దగ్గర అలాంటి అధ్యయనం ఆధారాలేవీ లేవని చెప్పింది. చెడ్డ ఉద్దేశంతో పుట్టిన కథ కాకపోవచ్చు గానీ, చేసే చెరుపు చేస్తూనే ఉంది. రాయడంలోనే ఏదో మహత్తు ఉందని నమ్మిస్తుంది. ఆ నమ్మకంతో అంకె రాసుకున్న కుర్రాడు మూడు నెలలకు ఆ కాగితం చూసి తనలోనే ఏదో లోపముందని కుంగిపోతాడు.

ఈ మొక్కు సంప్రదాయానికి పెద్ద పునాది 1937లో వచ్చిన నెపోలియన్ హిల్ పుస్తకం. ఎంత డబ్బు కావాలో, ఏ తేదీకి కావాలో, బదులుగా ఏమివ్వబోతున్నామో స్పష్టంగా రాసుకుని, పొద్దున ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి బిగ్గరగా చదువుకోమని అందులో ఉంది. ఆ తర్వాత వచ్చిన అమెరికన్ సేల్స్ గురువులు దాదాపు అందరూ దాన్నే తిప్పి తిప్పి చెప్పారు. తెలుగులో యండమూరి వీరేంద్రనాథ్ ‘విజయానికి ఐదు మెట్లు’, బి.వి. పట్టాభిరామ్ పుస్తకాలు ఈ తరహా ఆలోచనను ఊరూరికీ తీసుకొచ్చాయి. చదువుకుని పట్నం వచ్చిన పిల్లలకు అవి ధైర్యం ఇచ్చిన మాట నిజం. ధైర్యం అవసరమే. అయితే పొద్దున ఎనిమిదింటికి బ్యాగు భుజాన వేసుకుని బయల్దేరినవాడికి ధైర్యంతో పాటు ఎక్కడికి వెళ్లాలో తెలియాలి.

అసలు పరిశోధన వేరే దారిలో మొదలైంది. ఎడ్విన్ లాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1968లో రాసిన వ్యాసంలో ఒక మామూలు మాటను రుజువులతో నిలబెట్టాడు. ‘నీ చేతనైనంత చెయ్యి’ అని చెప్పినప్పటి కంటే, కాస్త కష్టమైన, కచ్చితమైన అంకె ఇచ్చినప్పుడు మనుషులు ఎక్కువ పని చేస్తారు. తర్వాత గేరీ లేథమ్ తోడయ్యాడు. ఇద్దరూ కలిసి 35 ఏళ్ల పరిశోధనను 2002లో ఒకచోట కూర్చారు. ఆ పరిశోధనల్లో నాకు బాగా నచ్చింది ఓక్లహోమాలో దుంగలు మోసే లారీల మీద లేథమ్, బాల్డెస్ చేసి 1975లో ప్రచురించింది. అడవి నుంచి మిల్లుకు దుంగలు వేసుకెళ్లే 36 లారీలు చట్టం అనుమతించిన బరువులో సుమారు 60 శాతమే మోస్తున్నాయి. చేతనైనంత వెయ్యండని ఎంత చెప్పినా అంతే. అప్పుడు డ్రైవర్లకు 94 శాతం అని ఒక అంకె ఇచ్చారు. చేరకపోతే శిక్ష లేదు, చేరితే డబ్బు లేదు, ఓ మెచ్చుకోలు మాట తప్ప. మొదటి నెలలో లోడు 80 శాతానికి ఎక్కింది. రెండో నెలలో 70కి పడింది. తగ్గిస్తే యాజమాన్యం నిజంగానే ఏమీ అనదా అని డ్రైవర్లు పరీక్షించి చూశారు. ఎవరూ ఏమీ అనలేదు. మూడో నెలకు 90 దాటి అక్కడే నిలబడింది.

ఆ రెండో నెల దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. అంకె పనిచేసింది, నిజమే. అంకె వెనక ఉన్న మాట మీద నమ్మకం కుదిరాకే అది నిలబడింది. అమ్మకాల మేనేజర్లు ఈ పరిశోధనలో 94ను పట్టుకున్నారు, శిక్ష లేదన్న మాటను వదిలేశారు. ఇంకో తేడా కూడా ఉంది. లారీలో ఎన్ని దుంగలు వేయాలన్నది డ్రైవరు చేతిలో పని. ఎంతమంది పాలసీ కడతారన్నది ఏజెంటు చేతిలో లేదు. లారీ అంకెను అలాగే తెచ్చి అమ్మకాలకు అంటిస్తే కుదరదు. ఈ తేడా దగ్గరకు మళ్లీ వస్తాను.

ముందు, అసలు చేత్తో రాయడం వల్ల ఏమొస్తుందో చూద్దాం. 1955లో మోర్టన్ డాయిచ్, హెరాల్డ్ జెరార్డ్ అనే ఇద్దరు పరిశోధకులు, విద్యార్థులకు కొన్ని గీతలు చూపించి వాటి పొడవు అంచనా వేయమన్నారు. కొందరు తమ అంచనాను రాసి సంతకం పెట్టి ఇచ్చారు. కొందరు చెరిపేసే పలక లాంటి దాని మీద రాసి, ఎవరూ చూడకముందే చెరిపేశారు. కొందరు మనసులోనే ఉంచుకున్నారు. తర్వాత అందరికీ ‘మీరు తప్పు’ అనిపించే సమాచారం ఇచ్చారు. మనసులో ఉంచుకున్నవాళ్లు తేలిగ్గా మాట మార్చేశారు. రాసి చెరిపేసినవాళ్లు వాళ్లకంటే గట్టిగా నిలబడ్డారు. సంతకం పెట్టినవాళ్లు మరింత గట్టిగా తమ మాట మీదే ఉన్నారు. ఎవరూ చూడకపోయినా రాత మనిషిని కొంత కట్టేస్తుందన్నమాట. రాబర్ట్ చాల్డినీ 1984లో రాసిన పుస్తకంలో దీన్ని అమ్మకాలతో ముడిపెట్టాడు. ఆమ్‌వే కంపెనీ తన మనుషులతో లక్ష్యాలు కాగితం మీద రాయించడం గురించి చెప్పి, దానికి అవతలి వైపు కూడా చూపించాడు. కొన్న సరుకు వద్దనుకుంటే కొద్ది రోజుల్లో తిప్పి ఇచ్చేయవచ్చన్న చట్టం వచ్చాక, గడప గడపకూ తిరిగి అమ్మే కంపెనీలు ఆర్డరు ఫారాన్ని కొనేవాడి చేతే నింపించడం మొదలుపెట్టాయట. తన చేత్తో రాసిన ఆర్డరును మనిషి అంత తేలిగ్గా రద్దు చేసుకోడు. అమ్మేవాడికి లాభం ఇచ్చే రాత, కొనేవాడిని ఇరికించగలదు కూడా. ఇది గుర్తుంచుకోవలసిన సంగతి.

రాత లక్ష్యాల మీద ఎక్కువమంది చెప్పే నిజమైన అధ్యయనం కాలిఫోర్నియాలోని డొమినికన్ విశ్వవిద్యాలయంలో గెయిల్ మాథ్యూస్ చేసింది. రకరకాల వృత్తుల్లో ఉన్న 149 మంది నాలుగు వారాలు అందులో ఉన్నారు. కొందరు లక్ష్యాన్ని మనసులో అనుకుని ఊరుకున్నారు, కొందరు రాశారు, కొందరు రాసి స్నేహితుడికి పంపారు, కొందరు దాంతో పాటు వారం వారం ఎంత జరిగిందో ఆ స్నేహితుడికి రిపోర్టు కూడా పంపారు. మనసులో ఉంచుకున్నవాళ్లలో 35 శాతం మంది పని ముగించామనో సగం దాటామనో చెప్పారు. వారం వారం రిపోర్టు పంపినవాళ్లలో 70 శాతానికి పైగా అలా చెప్పారు. చిన్న అధ్యయనం, ఫలితం ఎవరికి వారు చెప్పుకున్నది. దీన్ని వేదవాక్కుగా తీసుకోవడం సరికాదు. కానీ పెద్ద తేడా ఎక్కడ వచ్చిందో చూడండి: రాసి, లెక్క చెప్పినచోట. 2016లో హార్కిన్, అతని సహచరులు 138 అధ్యయనాలను, దాదాపు 20 వేల మంది సమాచారాన్ని కలిపి చూసినప్పుడూ ఇదే బయటపడింది. ముందుకెళ్తున్నామా లేదా అని మధ్యమధ్యలో చూసుకునేవాళ్లు గమ్యానికి దగ్గరవుతారు. ఆ చూసుకున్నది ఎక్కడో ఒకచోట నమోదు చేస్తే, నలుగురికి తెలిసేలా చెబితే ఫలితం ఇంకా ఎక్కువ.

దీన్ని కాదన్నట్టు కనిపించే పరిశోధన ఒకటి ఉంది. పీటర్ గోల్‌విట్జర్ 2009లో, ‘నేను ఫలానా అవ్వాలనుకుంటున్నాను’ అని నలుగురికీ చెప్పుకున్నవాళ్లు ఆ తర్వాత తక్కువ కష్టపడ్డారని చూపించాడు. చెప్పుకోగానే సగం అయిపోయినట్టు తృప్తి కలుగుతుంది. చాలామంది ట్రైనర్లు దీన్ని పట్టుకుని ఎవరికీ చెప్పొద్దంటారు. నా ఉద్దేశంలో ఈ రెంటికీ గొడవే లేదు. కోరిక చెప్పుకోవడం వేరు, లెక్క చెప్పడం వేరు. ‘ఈ ఏడాది ఎండీఆర్టీ అవుతాను’ అని, అంటే బీమా ఏజెంట్ల పెద్ద క్లబ్బులో చేరతానని, పెళ్లి భోజనంలో పదిమందికి చెప్పినవాడికి చప్పట్లు అప్పుడే దక్కాయి. ‘ఈ వారం పద్దెనిమిది మందిని కలుస్తానన్నాను, పదకొండు మందినే కలిశాను’ అని ఆదివారం సాయంత్రం ఒకరికి ఫోన్ చేసేవాడికి చప్పట్లు ఉండవు. సోమవారం పొద్దున లేవాల్సిన పని ఉంటుంది.

ఇక అమ్మకాల దగ్గరకు వస్తే, రాతను పద్దుగా వాడినవాళ్లలో ఫ్రాంక్ బెట్గర్‌ను మించినవాడు నాకు కనిపించలేదు. ఫిలడెల్ఫియాలో జీవిత బీమా అమ్మినవాడు, అంతకుముందు సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టులో బేస్‌బాల్ ఆడినవాడు. ఇక ఈ పని నావల్ల కాదని వదిలేద్దామనుకున్న దశలో తన చిట్టా తిరగేశాడు. ఏడాది పాటు ప్రతి కాల్ రాసి పెట్టుకున్నాడు. లెక్క కడితే అమ్మకాల్లో 70 శాతం మొదటి సమావేశంలోనే కుదిరాయి, 23 శాతం రెండోసారి వెళ్లినప్పుడు. మూడోసారి, ఆ పైన తిరిగి సాధించినవి 7 శాతమే. తన సమయంలో సగం ఆ 7 శాతం వెంట తిరగడానికి పోతోంది. రెండో సమావేశం దాటాక ఎవరి వెంటా పడకూడదని తీర్మానించుకున్నాడు. ఒక్కో కాల్‌కు 2.80 డాలర్లు వచ్చే సంపాదన 4.27 డాలర్లకు పెరిగింది. అతను రాసుకున్నది ‘నేను గొప్ప సేల్స్‌మన్ అవుతాను’ అని కాదు. ఎవరిని ఎన్నిసార్లు కలిశానన్నది. లక్ష్యం ఆ లెక్కలోంచి పుట్టుకొచ్చింది. ఆ తర్వాత, ప్రతి వారం ఒక పూట పూర్తిగా వచ్చే వారం ప్రణాళికకే కేటాయించాడు. ముందు శనివారం పొద్దున, కొన్నాళ్లకు శుక్రవారం. ఇంతమందిని కలవాలి, ఫలానావాడి గురించి ఇది తెలుసుకుని వెళ్లాలి అని కార్డుల మీద రాసుకుని గానీ బయటికి కదిలేవాడు కాదు.

బెట్గర్ అంకెలు తెనాలికి పనికిరావు. మా బాబాయి డైరీ చూస్తే మొదటిసారి వెళ్లినప్పుడు కట్టించినవి చాలా తక్కువ. మన దగ్గర బీమా అమ్మకం ఊరి క్యాలెండర్‌ను బట్టి నడుస్తుంది. మిర్చి యార్డుకు వెళ్లి డబ్బు చేతికొచ్చాక ఒక ఊరు, పసుపు అమ్మాక ఇంకో ఊరు, ఉద్యోగస్తులైతే పన్ను మినహాయింపు కోసం ఫిబ్రవరి, మార్చి. మూడుసార్లు మంచినీళ్లు తాగి వచ్చిన ఇంట్లోనే నాలుగోసారి పాలసీ కట్టేవారు. అందుకే ఎవరి నిష్పత్తి వాళ్లు తమ చిట్టాలోంచి తీసుకోవాలి. మాటవరసకు, ఒకతని పాత లెక్కల ప్రకారం పదిమందిని పలకరిస్తే నలుగురు కూర్చోబెట్టి మాట్లాడతారు, ఆ నలుగురిలో ఒకరు కడతారు అనుకుందాం. ఏడాదికి 48 పాలసీలు కావాలంటే 480 మందిని పలకరించాలి. పండగలు, పెళ్లిళ్లు, జ్వరాలు పోను 40 వారాలు దొరికితే వారానికి 12 మంది. ‘48 పాలసీలు’ అన్న రాతకు, ‘వారానికి 12 మంది’ అన్న రాతకు మధ్య ఎంత దూరమో చూడండి. మొదటిది చూస్తే భయమో ఆశో కలుగుతుంది. రెండోది చూస్తే మంగళవారం ఏం చేయాలో తెలుస్తుంది. లారీ దుంగల్లా చేతిలో ఉన్న పని ఈ రెండోదే.

ఈ మాటకు అమ్మకాల రంగంలోనే ఆధారం దొరుకుతుంది. వాండివాల్, అతని తోటి పరిశోధకులు 1999లో వైద్య సామగ్రి అమ్మే 153 మందిని ఒక ప్రచార కార్యక్రమం సాగినంత కాలం గమనించారు. నేర్చుకోవాలన్న ధ్యాస ఉన్నవాళ్లు ఎక్కువ అమ్మారు. ఆ ధ్యాస పనిచేసింది మూడు దారుల్లో: సొంతంగా లక్ష్యం పెట్టుకోవడం, కష్టపడటం, ప్రణాళిక వేసుకోవడం. ఇతరుల కంటే గొప్పగా కనిపించాలన్న తపనకు అమ్మకాలతో సంబంధం కనిపించలేదు. ‘ఏరియాలో నెంబర్ వన్ అవ్వాలి’ అని గోడ మీద రాసుకునేవాళ్లు ఒక్కసారి ఆగి ఆలోచించాల్సిన ఫలితం ఇది. కొత్తగా పనిలో చేరిన పిల్లలకైతే మొదటి ఆరు నెలలు డబ్బు అంకె రాయించడమే తప్పని నా గట్టి నమ్మకం. ‘ఈ నెలలో వద్దన్నవాళ్లు చెప్పిన కారణాలు ఇరవై రాసుకొస్తాను’ అన్నది వాళ్లకు సరైన లక్ష్యం.

గోల్‌విట్జర్ చేసిన ఇంకో పని ఇక్కడ చాలా ఉపయోగపడుతుంది. 1997లో జర్మనీ విద్యార్థులకు, క్రిస్మస్ ముందురోజు సాయంత్రం ఎలా గడిచిందో రాసి రెండు రోజుల్లో పంపమన్నారు. అందులో కొందరిని మాత్రం ఎప్పుడు, ఎక్కడ కూర్చుని రాస్తారో ముందే రాసివ్వమన్నారు. అలా రాసిచ్చినవాళ్లలో మూడింట రెండు వంతులకు పైగా పంపారు, మిగతావాళ్లలో మూడో వంతే. 2006 నాటికి ఇలాంటివి 94 అధ్యయనాలు కలిపి చూసినా ఫలితం నిలిచింది. ‘ఫలానాది ఎదురైతే ఫలానాది చేస్తాను’ అన్న కట్టు అది. నేను మందుల బ్యాగుతో తిరిగే రోజుల్లో ఈ పరిశోధన పేరు కూడా వినలేదు గానీ, ఒక సీనియర్ అన్నయ్య నా చేత అదే చేయించాడు. నా టూర్ ప్రోగ్రామ్‌లో ‘బుధవారం, అమలాపురం, 9 మంది డాక్టర్లు’ అని ఉండేది. ఆయన దాన్ని కొట్టేసి ఇలా రాయించాడు: "6.40 బస్సు. ముందు పిల్లల డాక్టరు, ఓపీ మొదలవ్వకముందే. ఆయన దగ్గర జనం ఉంటే పక్క సందులో మెడికల్ షాపుకెళ్లి పోయిన వారం ప్రిస్క్రిప్షన్లు అడగాలి, ఖాళీగా నిలబడకూడదు." అదే ఊరు, అదే తొమ్మిది మంది. ఖాళీగా నిలబడకూడదన్న ఆ ముక్క వల్ల నాకు దొరికిన సమాచారం, ఆ తర్వాత డాక్టర్ల దగ్గర నా మాట తీరునే మార్చేసింది.

ఇంతవరకు చెప్పింది మనిషి తనకు తాను రాసుకునే లక్ష్యం గురించి. అమ్మకాల్లో చిక్కు ఏమిటంటే, కాగితం మీద అంకె చాలాసార్లు మనం రాసింది కాదు. అమ్మేవాడికి ప్రాంతం కేటాయించి, ఆ ప్రాంతానికి కోటా కట్టే పద్ధతిని గట్టిగా నిలబెట్టినవాడు జాన్ హెన్రీ ప్యాటర్‌సన్. 1884లో ఒహైయోలోని డేటన్‌లో నగదు రిజిస్టర్ల కంపెనీ కొని, దానికి నేషనల్ క్యాష్ రిజిస్టర్ అని పేరు పెట్టినవాడు. కోటా చేరినవాళ్లకు ‘హండ్రెడ్ పాయింట్ క్లబ్’ పెట్టాడు. ఆయన దగ్గర పనిచేసిన థామస్ వాట్సన్ బయటికొచ్చి, 1924లో ఐబీఎం అని పేరు మారిన కంపెనీని నడిపించాడు. ‘హండ్రెడ్ పర్సెంట్ క్లబ్’ అక్కడికీ వెళ్లింది. బీమాలో 1927లో అమెరికాలోని మెంఫిస్‌లో 32 మంది కలిసి మిలియన్ డాలర్ రౌండ్ టేబుల్ మొదలుపెట్టారు. మన ఏజెంట్లు ఎండీఆర్టీ అని గర్వంగా కార్డు మీద వేసుకునేది అదే. 1956 సెప్టెంబరు 1న 245 సంస్థలను కలిపి ఎల్ఐసీ ఏర్పడ్డాక ఇక్కడా బ్రాంచ్ మేనేజర్ క్లబ్ నుంచి ఛైర్మన్స్ క్లబ్ దాకా మెట్లు వచ్చాయి. ఈ క్లబ్బుల్లో తప్పేమీ లేదు, చాలామందికి అవి నిజమైన గౌరవం. కానీ క్లబ్బు అంకె, కంపెనీ అంకె, ఇంటి ఖర్చు అంకె మూడూ వేర్వేరని తెలియకుండా ఒకే గీత కింద రాస్తే అక్కడి నుంచే ఇబ్బంది మొదలవుతుంది.

నా సంగతే చెబుతాను. నెలాఖరున ఏరియా మేనేజర్ ఫోన్ చేసేవాడు. కోటాలో ఇంకా ఇంత తక్కువుంది, స్టాకిస్టుకు బిల్లు కొట్టించమనేవాడు. స్టాకిస్టును బతిమాలి, వచ్చే నెల అమ్ముడుపోకపోతే వెనక్కి తీసుకుంటామని మాటిచ్చి సరుకు దింపించేవాళ్లం. ముప్పై ఒకటో తారీఖు రాత్రి మా కాగితం మీద 100 శాతం. పదో తారీఖుకల్లా అందులో కొన్ని పెట్టెలు తిరిగొచ్చేవి. ఆ ఊళ్లో ఒక్క రోగి కూడా అదనంగా ఆ మందు వాడలేదు. స్టాకిస్టు గోడౌన్‌లో మా పెట్టెల మీద సుద్దముక్కతో ‘రిటర్న్’ అని ముందే రాసి ఉండటం నేను కళ్లారా చూశాను.

ఇది మా ఒక్కరి రోగం కాదని తర్వాత తెలిసింది. పాల్ ఓయర్ 1998లో, అమెరికా కంపెనీల్లో ఆర్థిక సంవత్సరం చివర అమ్మకాలు ఎగసి, కొత్త ఏడాది మొదట్లో పడిపోవడాన్ని అమ్మకాల ఉద్యోగుల ప్రోత్సాహకాల తీరుతో కలిపి వివరించాడు. సాఫ్ట్‌వేర్ కంపెనీ ఒకదాన్ని పరిశీలించిన ఇయాన్ లార్కిన్, త్రైమాసికం చివర కమిషన్ కోసం ఇచ్చే అదనపు డిస్కౌంట్ల వల్ల ఆదాయంలో 6 నుంచి 8 శాతం పోతోందని 2014లో చూపించాడు. 1990ల మొదట్లో సియర్స్ తన కార్ల రిపేరు షాపుల్లో గంటకు 147 డాలర్ల లక్ష్యం పెడితే, అవసరం లేని రిపేర్లకు బిల్లులు వేశారన్న గొడవ రేగింది. అన్నిటికంటే పెద్దది వెల్స్ ఫార్గో బ్యాంకు. ఒక్కో కస్టమర్‌కు ఎనిమిది రకాల ఖాతాలు అమ్మాలన్న నినాదం కింద, జనానికి తెలియకుండానే లక్షల ఖాతాలు తెరిచారు. 2016లో 185 మిలియన్ డాలర్ల జరిమానా పడింది, అప్పటికి దాదాపు 5,300 మంది ఉద్యోగాలు పోయాయి. 2020లో 3 బిలియన్ డాలర్లకు రాజీ కుదుర్చుకున్నారు. ఉద్యోగం పోయినవాళ్లలో ఎక్కువమంది కింది స్థాయివాళ్లు. రాత లక్ష్యాల గురించి రాసే ఎవరైనా వాళ్లను మర్చిపోకూడదు. వాళ్ల దగ్గరా స్పష్టమైన, కష్టమైన, రోజూ లెక్క చూసే అంకె ఉంది. ఆ అంకెలో కొనేవాడు లేడు.

అందుకే బీమా అమ్మే పిల్లలు సలహా అడిగినప్పుడు, రెండు అదనపు గళ్లు గీసుకోమంటాను. పోయిన ఏడాది కట్టించిన పాలసీల్లో రెండో ప్రీమియం కట్టినవి ఎన్ని? పాలసీ చేతికొచ్చాక నాతో మళ్లీ కూర్చుని అందులో ఏముందో చదివించుకున్నవాళ్లు ఎందరు? హైదరాబాద్‌లో ప్రధాన కార్యాలయం ఉన్న బీమా నియంత్రణ సంస్థ 2024లో, పాలసీ నచ్చకపోతే తిప్పి ఇచ్చేయడానికి గడువును 30 రోజులు చేసింది. ఏజెంటే ఆ గడువు గురించి ముందుగా చెప్పి, ఆ 30 రోజుల్లో ఒకసారి వెళ్లి కూర్చుంటే, ఆ గడి దానంతటదే నిండుతుంది. మార్చి నెలాఖరు హడావుడిలో ఈ గడి ఖాళీగా ఉన్న డైరీలే ఏడాది తిరిగేసరికి ల్యాప్సుల జాబితాలవుతాయి.

అంకె తక్కువైనా ఒక ప్రమాదముంది. న్యూయార్క్ టాక్సీ డ్రైవర్ల మీద కామెరర్, తోటివారు 1997లో రాసిన వ్యాసం రోజువారీ సంపాదన గురి చేరగానే కొందరు బండి ఆపేస్తారని, బేరాలు బాగున్న రోజునే ముందు ఇంటికెళ్తారని చెప్పింది. హెన్రీ ఫార్బర్ తర్వాత దీన్ని గట్టిగా ప్రశ్నించాడు, వాదన తెగలేదు. మన అనుభవంలో మాత్రం ఇది కనిపిస్తూనే ఉంటుంది. వారానికి 12 మంది అని రాసుకున్నవాడు గురువారానికే పన్నెండు అయితే శుక్రవారం టీ కొట్టు దగ్గర గడుపుతాడు. బాబాయి ఇలాంటి వారాల్లో మిగిలిన రోజులకు కొత్త ఇళ్లు వెతకలేదు, పాత పాలసీదారుల ఇళ్లకు వెళ్లేవాడు. డైరీలో ఆ రోజుల పక్కన ‘ఊరికే’ అని రాసి ఉంది. వచ్చే ఏటి పేర్లలో చాలా వరకు ఆ ‘ఊరికే’ వెళ్లిన ఇళ్లలోంచే వచ్చాయి.

‘స్మార్ట్’ లక్ష్యాలంటూ ఐదు అక్షరాల సూత్రం ఇప్పుడు ప్రతి శిక్షణలోనూ ఉంది. 1981లో జార్జ్ డోరాన్ రాసిన చిన్న వ్యాసం నుంచి వచ్చింది అది. అందులో మూడో అక్షరానికి అర్థం ‘పని ఎవరిదో చెప్పగలగాలి’ అని. తర్వాత తర్వాత అది ‘సాధించగలగాలి’ అని మారింది. ఆ మార్పుతో, ఎవరి అంకె ఎవరి మెడకు చుట్టుకుందో అడిగే వీలు కూడా పోయింది. సూత్రం మంచిదే, కాగితం చక్కగా వస్తుంది. అంతకంటే దానిమీద చెప్పేందుకు పెద్దగా లేదు.

మన కోమటి కొట్లలో రాత ఎప్పుడూ లక్ష్యంగా మొదలవ్వలేదు. రోజు జరిగింది చిట్టాలోకి, చిట్టాలోంచి ఎవరి ఖాతాకు వాళ్లది ఆవర్జాలోకి. బోణీ దగ్గర నుంచి దీపం పెట్టేదాకా వచ్చిన ప్రతి పైసాకు ఒక పద్దు. ఏడాది మారినప్పుడు కొత్త పుస్తకానికి పసుపు రాసి, మొదట పాత బాకీలు దించేవారు. వచ్చే ఏటి లాభం ఎంతో అక్కడ రాయరు. బాబాయి మొదటి పేజీలో అంకె రాయడం ఎవరి దగ్గర నేర్చుకున్నాడో తెలియదు గానీ, మిగతా పేజీలు ఆ కొట్ల నుంచి వచ్చినవే. గళ్ల తీరు, అడ్డగీత, గీత కింద కూడిక, అన్నీ ఆవర్జా పోలికలే.

ట్రంకుపెట్టెలో 1977 డైరీ ఉంది. మొదటి పేజీలో అంకె 60. నవంబరు 19న దివిసీమ మీదికి ఉప్పెన వచ్చింది. ఆ వారం పేజీలు ఖాళీగా ఉన్నాయి. తర్వాతి వారం నుంచి గళ్లు మారిపోయాయి: పేరు, ఊరు, పాలసీ నంబరు, కావలసిన కాగితాలు. ఊళ్లన్నీ రేపల్లె అవతలివి. ‘వారసుడి పేరు తప్పుగా ఉంది, కరణం గారి దగ్గర సర్టిఫికెట్ తేవాలి.’ ‘బాండు కొట్టుకుపోయింది, మన ఆవర్జాలో నంబరు ఉంది.’ డిసెంబరు 31న అడ్డగీత కింద మామూలుగా ఉండే మూడు అంకెల్లో చివరిది 43. దాని పక్కన చిన్న అక్షరాలతో ‘క్లెయిములు 11, అయినవి 4’ అని ఉంది. 1978 డైరీ మొదటి పేజీలో మళ్లీ పసుపు, శ్రీరామ, 60. దాని కిందనే, వేరే ఏ ఏడాదీ లేని విధంగా, ఏడు పేర్లు.